ఇంజను కాదు, బండినే కొనుడు

మహారాష్ట్రలోని చంద్రపూరు చుట్టుపట్ల బొగ్గును, సిమెంటును, వెదురును, కాయగూరలను నమ్ముకొని బ్రదుకు చిన్న రవాణాదారుల ఇండ్లముందు పదునైదేండ్లు దాటిన పికప్పు ఒకటి తఱచుగా కానవచ్చును. దాని ఛాసిస్ ఇంకను దృఢముగా నుండును. వెనుక కమాన్ కట్టలు నిన్నమొన్ననే మార్పించి యుందురు. టైర్లు ఇంకొక ఏడాదికి ఢోకా లేకుండ నుండును. ఇంజను మాత్రము ఘుగ్గుసు రోడ్డుమీద బొగ్గు లారీల వరుసలో చిక్కినప్పుడెల్ల నల్లని పొగను చిమ్ముచు, బల్లార్పూరు దాటి రాజురా వైపు నిండు బరువుతో పోవునప్పుడు మూడవ గేరును విడువజాలక, చలికాలపు తెల్లవారుజామున ఇద్దఱు మనుష్యులు త్రోసిననే గాని మేల్కొనని దశకు వచ్చియుండును. ఇదే బండిలో నేటి ఫ్యూయల్ ఇంజెక్షను ఇంజను ఒకదానిని కూర్చుండబెట్టిన నెట్లుండునని యజమానికి అప్పుడు తోచును. మీకును తోచినదా? తోచినచో అది వెఱ్ఱితనమని ఎవ్వరో నవ్వుదురేమోయని జంకవలదు. చేయదగిన పనియే. అయితే ఈ పనికి పూనుకొన్నవారిలో పలువురు ఓడిపోవునది స్పానరు పట్టుకొన్న తరువాత కాదు. దానిని పట్టుకొనుటకు ముందు తీసికొనిన రెండు మూడు నిర్ణయములయందే.

ముందుగా ఒక విషయమును తేటపఱచుకొందము. డీజిలు ఇంజను పుట్టుకతోనే ఇంజెక్షను ఇంజను. పాతదానియందును పంపు కలదు, నాజిళ్ళు కలవు. కావున మన పికప్పుల విషయమున మార్పు అనగా, పంపు వంతులవారీగా ఒక్కొక్క నాజిలునకు డీజిలును త్రోయు యాంత్రికపద్ధతిని విడిచి, డీజిలును ఒక ఉక్కు గొట్టమున మహాపీడనముతో నిలువయుంచి, కంప్యూటరు ఆజ్ఞాపించిన క్షణమున నాజిలు తెఱచుకొను కామన్ రైలు పద్ధతికి వచ్చుట. పాత నాజిలు సుమారు 200 బార్ల పీడనమునకు తెఱచుకొనును. కామన్ రైలు తన మొదటి తరమునందే 1350 బార్ల వఱకు పోయినది. ఈ రెండు సంఖ్యలను మనస్సున నుంచుకొనుడు. మున్ముందు వాటితో పని యున్నది.

పెట్రోలు బండ్లలో ఈ మార్పు మన కన్నులయెదుటనే యున్నది. తాడోబా అడవికి మొహర్లీ ద్వారముకడ బారులు తీరు మారుతీ జిప్సీలను చూడుడు: 1298 సీసీ పరిమాణము మాఱకయే, కార్బురేటరు కాలమున 60 అశ్వశక్తి నిచ్చిన యా బండి 2000వ సంవత్సరమున ఎంపీఎఫ్ఐ అను ఇంజెక్షను పద్ధతి రాగానే 80 ఇచ్చినది. ఆ పెంపంతయు ఇంజెక్షను చలువయే యనుకొనకుడు. వాల్వులు 8 నుండి 16 అయినవి గదా. ఇట్టి అంకెలను చూపి ఆశపెట్టువారు రెండవ సంగతిని చెప్పరు.

1. మొదట కార్యాలయమునకు పొండు, షెడ్డునకు తరువాత.

"ఏం గాదన్నా, నంబరు ఎవడు చూస్తడు? రెండు దినాలల్ల బండి చేతుల పెడ్త" అని మిస్త్రీ అనును. అతడు మంచివాడే కావచ్చును. బండి నిజముగనే రెండుదినములలో చేతబెట్టగలవాడే కావచ్చును. కాని ఆర్.సి. మీ పేరనున్నది, అతని పేర లేదు. మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను ప్రకారము, ఆర్.సి.లోని వివరములు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమగునట్లు బండిని మార్చుటకు యజమానికి అధికారము లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనుకు మఱింత బిగువైన అర్థమునే చెప్పినది. అదే సంవత్సరపు సవరణతో మార్చి వ్రాయబడిన 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పునకు ఆఱు నెలల వఱకు జైలును గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జుల్మానాను గాని, రెండింటిని గాని విధించుచున్నది.

నంబరును ఎవడు చూచును? పికప్పు సరకు బండి గనుక ఎనిమిదేండ్లు నిండిన పిమ్మట ఏటేట ఫిట్‌నెసు పాసింగునకు పోవలసినదే. అచ్చట ఇన్స్పెక్టరు చూచును. ప్రమాదము జరిగిన మఱునాడు భీమా కంపెనీ సర్వేయరు చూచును. ఈ రెండవ చూపు మొదటిదానికంటె కఠినము. రాత్రివేళ మూల్ రోడ్డుమీద ఎదుటివాని మోటారుసైకిలుకు మీ బండి తగిలినదనుకొనుడు. తప్పు మీది కాకపోవచ్చును. అయినను ఇంజను నంబరు కలియలేదను ఒక్క మాటతో కంపెనీవారు చేతులు దులుపుకొనుటకు చూచినచో, మీరు కోర్టు మెట్లెక్కి వాదించుకొనవలసినదే గదా?

కావున ఎం.హెచ్. 34 నంబరు గల మీ బండి ఆర్.సి.ని, భీమా కాగితమును చేతబట్టుకొని రవాణా కార్యాలయమునకు పోయి, ఏ ఇంజను తీసి ఏ ఇంజను పెట్టదలచితిరో వ్రాసి యిచ్చి, వారి సమాధానమును వ్రాతమూలకముగానే తీసికొనుడు. కంపెనీ అదే, రకము అదే యైన ఇంజను విషయమున దారి సుగమముగా నుండును. అదే కంపెనీదే యైనను కామన్ రైలు ఇంజను "అదే రకము" క్రిందికి వచ్చునా యన్న ప్రశ్నకు ఉత్తరము చెప్పు అధికారము ఆ కార్యాలయమునదే. మీదియు కాదు, నాదియు కాదు, మిస్త్రీది అసలే కాదు. బండిమీద అప్పు మిగిలియున్నచో ఫైనాన్సువారి లిఖితపూర్వకమైన అంగీకారమును కూడ ముందే పొందుడు.

ఒకవేళ కాదన్నచో? నిరాశ పడకుడు. ఉన్న ఇంజనుకే బోరు చేయించి, క్రొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించి, పంపును కాలిబ్రేషనుకు పంపి, నాజిళ్ళు మార్పించినచో, పొగ తగ్గును, ఎత్తు ఎక్కును, కాగితములలో ఒక్క అక్షరము మాఱదు. ఈ అధ్యాయమును చదువుచున్న పదిమందిలో సగముకంటె ఎక్కువమందికి నిజమైన సమాధానమిదియే యని నా అభిప్రాయము. కార్యాలయమువారు అవునన్నవారు మాత్రమే ముందుకు చదువుడు.

2. ఆశకు ఒక హద్దు గీయుడు.

మహీంద్రా పాత పికప్పులో ఎండీఐ 3200 అను 2523 సీసీ ఇంజను ఉండెడిది. శక్తి అఱువది పైచిలుకు గుఱ్ఱములు. అదే యింటిలో అదే 2523 సీసీ పరిమాణముతో తరువాతి కాలమున వచ్చిన ఎం2డీఐసీఆర్ కామన్ రైలు ఇంజను కలదు. స్కార్పియోలో పెట్టిన 2179 సీసీ ఎంహాక్ కూడ కలదు. దాని శక్తి 120, టార్కు 290 న్యూటన్ మీటర్లు. ఏది కావలెను? మనస్సు వెంటనే రెండవదానివైపు ఉఱుకును. ఉఱుకనిండు, తరువాత దానిని ఇట్లు ప్రశ్నింపుడు: పాత ఇంజను బలమునకు కొలిచి చేసిన గేరుబాక్సు, ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులు, వెనుక హౌసింగులోని క్రౌను, పినియను దాదాపు రెట్టింపు బలమును ఎన్నాళ్ళు భరించును? తడిసిన వెదురు బరువుతో ఎత్తుమీద ఆగి, క్లచ్చు వదలిన ఆ క్షణముననే దీని సమాధానము చప్పుడుతో సహా వినవచ్చును. అప్పుడు గేరుబాక్సు మార్చవలెను, తరువాత హౌసింగు, తరువాత బ్రేకులు. కడకు మీ పాత బండిలో మిగులునది నంబరు ప్లేటు మాత్రమే.

పరిమాణములో, కుదురులో పాతదానికి దగ్గఱగా నున్న ఇంజనునే ఎంచుకొనుడు. సరకు బండికి కావలసినది పరుగు కాదు, లాగుడు. టాటా 207 యజమానులకును ఇదే సలహా: స్వజాతి ఇంజనునే వెదకుడు.

3. ఇంజను కాదు, బండినే కొనుడు.

ఈ అధ్యాయమున మీరు ఒక్క దానినే గుర్తుంచుకొనదలచినచో దీనిని గుర్తుంచుకొనుడు. పాత ఇంజను తనంతట తాను నడచును. డీజిలు అందిన చాలును, ఆపుటకు ఒక తీగ లాగిన చాలును. క్రొత్తది అట్టిది కాదు. కామన్ రైలు ఇంజనును ఒంటరిగా కొని తెచ్చుట, పెండ్లికూతురిని మాత్రము పిలిచి పుట్టింటివారినందఱిని వాకిటనే నిలిపివేయుట వంటిది. ఆమె లోనికి రాదు, వచ్చినను నోరు విప్పదు. ఆ పుట్టింటివారెవరనిన: ఈసీఎం అను కంప్యూటరు, దానితో జతకట్టిన తాళము, ఆ తాళమును గుర్తించు ఇమ్మొబిలైజరు, ఇంజనునుండి డాష్‌బోర్డు వఱకు అల్లుకొన్న సంపూర్ణమైన వైరింగు, క్రాంకు సెన్సరు, క్యాము సెన్సరు, రైలు పీడనపు సెన్సరు, గాలిని కొలుచు సెన్సరు, తీగకు బదులు కరెంటు సంకేతము నంపు యాక్సిలేటరు పెడలు, బ్రేకు, క్లచ్చు పెడళ్ళ క్రింది చిన్న స్విచ్చులు, డీజిలు ఫిల్టరు, వాపసు పైపులు, ఇంటర్‌కూలరు, రేడియేటరు, ఫ్యాను, రిలేల పెట్టె. ఇందు ఏ ఒక్కటి లేకున్నను ఇంజను అలుగును. కొన్ని లేకున్న స్టార్టే కాదు.

కబాడీ బజారున ఏమి జరుగునో తెలియునా? అమ్మువాడు ఇంజనును ఒక ధరకును, కంప్యూటరును ఇంకొక ధరకును, వైరింగును వేఱొకనికిని అమ్మును. వైరింగు నడుమ కోయబడి యుండును. తాళపుచెవి ఎక్కడనో పోయియుండును. నాగపూరులో దొరకని పెడలు కొఱకు హైదరాబాదునకు, అచ్చట దొరకని సెన్సరు కొఱకు విజయవాడ ఆటోనగరునకు మీరు ఫోనులు చేయుచు కూర్చుండగా, బల్లార్షా నుండి కాజీపేట మీదుగా పోవు రైళ్ళు మీ పార్శిళ్ళను మోయుచుండగా, నెలలు గడచును. బండి షెడ్డులో నుండును. వాయిదాలు మాత్రము ఆగవు. దానికి బదులు ప్రమాదమున బాడీ దెబ్బతిన్నదో, వెనుక భాగము తుప్పుపట్టినదో, ఇంజను మాత్రము నడుచుచున్నదో అట్టి సంపూర్ణమైన బండి నొకదానిని, రద్దు కాగితములతో సహా కొనుడు. దానిని ఇకమీద దాత బండి యందము. మొదట ధర ఎక్కువగా తోచును. కావలసినవన్నియు తీసికొనిన పిమ్మట మిగిలిన టైర్లు, హౌసింగు, తలుపులు, సీట్లు అమ్ముకొనుటకు మీకు హక్కు కలదు గదా!

వాంకిడి సరిహద్దు దాటి తెలంగాణలోని ఆసిఫాబాదు, మంచిర్యాల వైపున బంధువులు గలవారు అక్కడి బండ్లనే తెచ్చుట మన తెలుగువారిలో సహజము. తప్పు లేదు. అయితే ఆ బండి రిజిస్ట్రేషను ఆ రాష్ట్రపు కార్యాలయముననే రద్దు కావలెను. ఆ పత్రము, ఇంజను నంబరు వ్రాసిన బిల్లు రెండును మీ చేతికి రానిదే ఒక్క రూపాయియు ఇయ్యకుడు. బావమరిది మిత్రుని బండియైనను సరే.

4. నడుచుచున్న ఇంజనునే చూడుడు.

విప్పి నేలమీద పెట్టిన ఇంజను అందముగనే యుండును. డీజిలుతో కడిగి, వెండిరంగు పూసియుందురు. మీరు చూడవలసినది చల్లని ఇంజను స్టార్టగు తీరు. వేకువన పొండు; బానెట్టుపై చేయి పెట్టి చల్లగా నున్నదో లేదో చూచి, అప్పుడు స్టార్టు చేయుమనుడు. తాళము తిప్పగానే డాష్‌బోర్డున ఇంజను హెచ్చరిక దీపము వెలిగి, స్టార్టయిన పిమ్మట ఆఱిపోవలెను. అసలు వెలుగకున్నచో ఎవరో బల్బు తీసినారని గ్రహింపుడు. ఆయిలు మూత విప్పి చూడుడు: సన్నని ఆవిరి సహజము, గుప్పుగుప్పున పొగ తన్నినచో రింగులు అఱిగినట్లే. స్కానరు పెట్టించి, నిలువయున్న తప్పులను చదివించుడు. చెఱిపించుటకు ముందే చదివించుడు.

వీటన్నిటికంటె విలువైన పరీక్ష ఒకటి కలదు, దానికి అయ్యే ఖర్చు నాలుగు ఖాళీ సీసాలే. నాలుగు నాజిళ్ళ పైనున్న సన్నని వాపసు గొట్టములను ఊడదీసి, ఒక్కొక్కదానికి పారదర్శకమైన చిన్న గొట్టమును తగిల్చి, దాని కొసను ఒక్కొక్క సీసాలో వేలాడదీయుడు. ఇంజనును కొన్ని నిమిషములు నడపుడు. నాలుగు సీసాలలోను డీజిలు మట్టము ఇంచుమించు సమానముగా ఎక్కినచో నాజిళ్ళు సమానముగనే అఱిగినవని అర్థము. ఒక సీసా మాత్రము తక్కినవాటికంటె త్వరగా నిండినచో, ఆ నాజిలు లోపల కారుచున్నది. దాని వెలను బేరములో తగ్గించుకొనుడు, లేదా లేచి వచ్చివేయుడు.

నడుచుచుండగనే ఫోనుతో వీడియో తీసికొనుడు. విప్పుటకు ముందు ప్రతి ప్లగ్గుకును తెల్లని టేపు చుట్టి, ఏది దేనిలోనిదో పెన్నుతో వ్రాయుడు. ఈ పనికి ఒక పూట పట్టును. చేయనివారికి ఆ తరువాత పట్టుకాలమునకు లెక్క లేదు.

5. ఇనుము పని.

ఇచ్చట మన మిస్త్రీలకు నేర్పవలసినది తక్కువ. లేత్ పనిలో, గ్యాసు కటింగులో వారు దిట్టలు. అయినను మూడు మాటలు. ఇంజనుతోపాటు దాని గేరుబాక్సును కూడ దించినచో బెల్ హౌసింగు, క్లచ్చు ప్లేటు, షాఫ్టు పండ్లు అను తగవులన్నియు ఒక్కసారిగా తీఱును. ప్రొపెల్లరు షాఫ్టును మాత్రము పొడవు సరిచేయించి, బ్యాలెన్సు చేయించిన చాలును. ఇంజను మౌంటింగులు పెట్టునప్పుడు సంపు క్రింది భాగమునకును ముందు ఇరుసునకును నడుమ బండి గుంతలో పడినప్పటి ఎడమును చూచుకొనుడు, జాకీమీద నిలిపినప్పటి ఎడమును కాదు. మూడవది ముఖ్యము: ఛాసిస్‌మీద వెల్డింగు చేయు ప్రతిసారియు బ్యాటరీ తీగలు ఊడదీసి, కంప్యూటరు ప్లగ్గును కూడ విప్పి పక్కన పెట్టించుడు. ఒక్క బ్రాకెట్టు కొఱకు చేసిన ఒక్క అంటింపు, కొనుటకు ఎంతో తిరిగిన కంప్యూటరును ఒక్క క్షణములో ఇనుపపెట్టెను చేయగలదు.

6. డీజిలు దారి, దానిలోని ప్రాణాపాయము.

పాత ట్యాంకును విప్పి, తిరగేసి, అడుగున చేరిన తుప్పును, బురదను ఒకసారి చూడుడు. ఇన్నాళ్ళును ఆ మురికిని పాత పంపు మ్రింగి ఊరకుండినది, క్రొత్తది ఊరకుండదు. దాని నాజిలు రంధ్రములు కంటికి ఆననంత సన్ననివి. ట్యాంకును కడిగించుట చాలదు, వీలైన మార్చుడు. నీటిని వేఱుచేయు ఫిల్టరును దాత బండినుండియే తీసి పెట్టుడు. పీపాలో తెచ్చి గరాటుతో పోయు డీజిలునకును, కిరసనాయిలు కలిపిన డీజిలునకును ఇకమీద నమస్కారము పెట్టుడు; ఈ పంపునకు డీజిలే కందెన, కిరసనాయిలు దానిని ఎండగట్టును.

ఇక మొదట మనస్సున నుంచుకొనుమన్న ఆ రెండు సంఖ్యల, 200, 1350 బార్ల, సంగతి. పాత బండిలో డీజిలు అయిపోయి గాలి చొచ్చినప్పుడు మన మిస్త్రీ ఏమి చేయును? నాజిలు పైపు నట్టును కొంచెము వదులు చేసి, సెల్ఫు కొట్టించి, బుడగలు పోయి డీజిలు చిమ్మగానే బొటనవ్రేలితో తుడిచి బిగించును. దశాబ్దములుగా చేతికి అలవాటైన పని యిది. కన్నులు మూసికొని చేయును. కామన్ రైలులో ఇదే పని చేసినచో, వేయి బార్లకు మించిన పీడనముతో వెలువడు ఆ సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిపోటంత గుర్తు మాత్రమే కనబడును, లోపల డీజిలు వ్యాపించి మాంసమును క్రుళ్ళజేయును, వ్రేలు తీసివేయవలసి రావచ్చును. ఎవరికైనను అట్లు జరిగినచో కట్టు కట్టి ఇంటికి పంపక, నొప్పి లేదన్నను సరే, ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చి, పీడనముతో డీజిలు లోనికి పోయినదని వైద్యునికి స్పష్టముగా చెప్పుడు. గాలి తీయుటకు ఫిల్టరుపైనున్న చేతిపంపు కలదు, దానితోనే తీయవలెను. షెడ్డులోని కుఱ్ఱవానికి ఈ మాటను మీరే చెప్పుడు, మిస్త్రీ చెప్పునని ఊరకుండకుడు.

7. వైరింగునకు తొందర పనికిరాదు.

రెండు తీగలను మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, "అయిపోయిందన్నా" అను పద్ధతి హారనుకును, వెనుక లైటునకును చెల్లును. సెన్సరు తీగలో ప్రవహించు సంకేతము అత్యల్పమైనది. మెలికలో పట్టిన చెమ్మ, దానిపై పేరుకొన్న బొగ్గుధూళి దానిని తారుమారు చేయును. ఫలితము? బండి పొద్దుట బాగుగా నడచును, మధ్యాహ్నము ఆగును, సాయంకాలము మఱల నడచును. తప్పెక్కడనో ఎవ్వరికిని తెలియదు. దాత బండి వైరింగును కోయక, పూర్తిగా ఎత్తి ఇందులో పఱచుడు. పొడుగు చాలనిచోట మాత్రమే అతుకు వేసి, టంకము పెట్టి, వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగించుడు. ఇంజనునుండి ఛాసిస్‌కు, ఛాసిస్‌నుండి బ్యాటరీకి లావైన అర్తు తీగలు వేయుడు, రంగు గీకి ఇనుముపైననే బిగింపుడు. సెల్ఫు కొట్టునప్పుడు బ్యాటరీ 9.5 వోల్టులకు దిగువకు జాఱినచో మంచి ఇంజను కూడ మొండికేయును.

పాత డాష్‌బోర్డులోని వేడి ముల్లునకు దాని పాత సెండరునే వేఱుగా పెట్టించుడు. కంప్యూటరు సెన్సరు తీగకు దానిని తగిలింపకుడు. హెచ్చరిక దీపమును తప్పక కలుపుడు. దానిని కలుపని బండిని నేను నమ్మను.

8. మే నెలను దృష్టిలో నుంచుకొని కట్టుడు.

పుణేలో, బెంగుళూరులో కట్టిన బండికి చాలిన రేడియేటరు చంద్రపూరునకు చాలకపోవచ్చును. ఇచ్చట మే నెలలో 47, 48 డిగ్రీల ఎండ వింత కాదు; రోడ్డు సెగ దానికి అదనము. దాత బండి రేడియేటరును, ఫ్యానును, ఫ్యాను చుట్టునుండు తొడుగును ఒక్కటిగనే పెట్టుడు. తొడుగు అడ్డమని తీసివేయుట మన షెడ్లలో సర్వసాధారణమైన పొరపాటు. గాలి పీల్చు గొట్టపు మూతిని రేడియేటరు వెనుక వేడిలో గాక ముందు చల్లని చోట పెట్టుడు. ఎయిరు ఫిల్టరును పుస్తకములో వ్రాసిన గడువునకు గాక, దుర్గాపూరు, పద్మాపూరు గనుల రోడ్లలో తిరుగువారు అంతకు ముందే మార్చవలెను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ప్రకటించిన కలుషిత పారిశ్రామిక ప్రాంతముల పట్టికలో దేశమున నాలుగవ స్థానము పొందిన పట్టణము మనది. ఆ ధూళి మన ఊపిరితిత్తులకే గాక ఇంజనునకును చేరును. వేసవిలో డీజిలు ట్యాంకును పావువంతుకు తగ్గనీయకుడు, ఏలయన ఈ ఇంజను వాడక మిగిల్చిన డీజిలు వేడెక్కి ట్యాంకునకే తిరిగివచ్చును. కొంచెమే యున్నచో ఆ కొంచెమే మఱల మఱల కాగును.

9. బ్రేకులు.

డీజిలు బండి బ్రేకు బూస్టరునకు వాక్యూము పంపు ఇంజనుమీదనే యుండును. క్రొత్త ఇంజను వాక్యూము గొట్టము బూస్టరునకు కలిసినదా? గొట్టము పగులు లేనిదా? ఇది చూడక మొదటిసారి రోడ్డెక్కినవాడు, పెడలు రాయివలె గట్టిపడినప్పుడు గాని తెలిసికొనడు. బ్రేకు ఫ్లూయిడు, లైనింగులు ఈ సందర్భముననే మార్పింపుడు. ఇంతకంటె చెప్పవలసినది లేదు.

10. మొదటి స్టార్టు, మొదటి బరువు.

చేతిపంపు గట్టిపడువఱకు కొట్టుడు. తాళమును తిప్పి, దీపము వెలిగినదో చూచి, సెల్ఫు కొట్టుడు. ఒక్కొక్కసారి పది సెకనులకు మించి కొట్టక, నడుమ నడుమ విరామమిండు. స్టార్టు కానిచో కోపము తెచ్చుకొని భాగములు మార్చుటకు పూనుకొనవలదు. స్కానరులో రెండు సంగతులను మాత్రము చూడుడు: సెల్ఫు తిరుగుచుండగా ఇంజను వేగము కనబడుచున్నదా? రైలు పీడనము పెరుగుచున్నదా? మొదటిది సున్నాయైన క్రాంకు సెన్సరు దోషము. రెండవది పెరుగకున్న డీజిలు దారిలో గాలియో, కారుటయో కలదు. రెండును సరిగనే యుండి, అయినను మేల్కొననిచో తాళము, ఇమ్మొబిలైజరు జతను అనుమానింపుడు. ఇంతమాత్రమున పలుచోట్ల పని తేలిపోవును.

మొదటి దినము ఖాళీ బండిని జట్పురా ద్వారమునుండి పఠాన్‌పురా ద్వారము వఱకు ఊరి రద్దీలోనే త్రిప్పుడు. నెమ్మదిగా నడచునప్పుడే వేడి తెలియును. తరువాత సగము బరువు. ఆపైన మిట్టమధ్యాహ్నము నిండు బరువుతో రాజురా వఱకు పోయి రండు. వేడి ముల్లు ఎచ్చట నిలిచినదో, ఆగిన పిమ్మట క్రింద ఏమి కాఱినదో చూడుడు. పోవునప్పుడు మిస్త్రీని వెంటబెట్టుకొని పొండు. "నువ్వు పోయి రా అన్నా, ఏమన్నయితే ఫోను చెయ్యి" అన్నచో ఒప్పుకొనకుడు. చివరి విడత డబ్బును ఆ ప్రయాణము ముగిసిన తరువాతనే ఇచ్చునట్లు మొదటనే మాట్లాడుకొని యుండుడు.

ఇక మిగిలినది పాత ఇంజను. దానిని వెంటనే అమ్మి కొంత సొమ్ము చేసికొనవలెనని తోచుట సహజమే. కొనువారును షెడ్డు వాకిటనే నిలిచియుందురు. అమ్మకుడు. క్రొత్త ఇంజనును ఇన్స్పెక్టరు చూచి, దాని నంబరు ఆర్.సి.లో ఎక్కి, భీమా పాలసీలో కూడ మాఱి వచ్చునంతవఱకు పాతదానిని గోనెపట్టా కప్పి ఒక మూల నుంచుడు. కార్యాలయమువారు ఏదైనను అభ్యంతరము చెప్పినచో మీ బండి మఱల రోడ్డెక్కుటకు అదియే ఆధారము. ఆర్.సి. చేతికి వచ్చిన పిమ్మట, కొనువాని పేరు, ఇంజను నంబరు, తేదీ వ్రాసి సంతకము చేయించుకొని అప్పుడు అమ్ముడు. ఆ కాగితపు నకలును దాత బండి రద్దు పత్రముతోను, క్రొత్త ఇంజను బిల్లుతోను కలిపి ఒకే సంచిలో భద్రపఱచుడు.